వాకిటితల్లి వ్రతము: సుకంఠుడు చాటున చేసిన రాజీ

పూజ ముగిసినది. అందరు అక్షతలు చేత పట్టుకొని దగ్గరగా జరుగుడు. తలుపులు మూయకుడు.

పూర్వము ధృతశీలుడను ముని స్థిరభాను మహర్షిని చూచి, చుట్టును జనమున్నను మనుష్యుడు ఒంటరియగుట ఏ దోషమువలన, దానికి ఏ వ్రతము కలదని యడుగగా, ఆ మహర్షి యిట్లు చెప్పెను.

కుశపురమున సుకంఠుడను న్యాయవాది యుండెను. పన్ను తగవులలో రాజు పక్షమున వాదించుట అతని యుద్యోగము. ఆ నగరమున నొక ఆచారము గలదు. పన్ను తగవు రాజీయైనచో, రాజు న్యాయవాది వాకిటితల్లి గుడిముందు నిలిచి, ఏమి విడిచితిమో, ఏల విడిచితిమో జనులెల్ల వినునట్లు చెప్పవలెను.

ఒకనాడు కర్పూరపు వర్తకుడు నందిగుప్తుడు కానుకతో అతని యింటికి వచ్చి తలుపు మూసెను. ఇద్దరును గుసగుసలాడిరి. మరునాడు సుకంఠుడు సభలో రాజు పక్షమున చెప్పవలసినదేమియు లేదని ఆ వర్తకుని పన్ను తగవును విడిచెను. గుడివంకకు పోడాయెను. భార్య కేతకి అడుగగా, రాజకార్యమని కసరెను.

వాకిటితల్లి కోపించెను. నాటినుండి అతడు పోయిన చోటెల్ల మాటలు ఆగిపోయెను. అరుగులమీది వారు అతనిని చూచి లేచిపోయిరి. పెండ్లిపందిటిలో అతని పక్క విస్తరి ఖాళీగా నుండెను. కేతకియు అన్నము వడ్డించి లోనికి పోవుచుండెను. అయ్యో, పలకరింపు లేని ఆ యింట అతడెంత అలమటించెనో!

అంతట ఇది తల్లి కోపమేయని భయపడి ఆమె వ్రతము పట్టెను. పట్టెను గాని, ఏమందుము, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు! తలుపులు బిగించి, "తల్లీ, నీకు బంగారు కిరీటము చేయింతును, ఈ మాట మనలో మనకే ఉండనిమ్ము" అని దేవితోను చాటురాజీకి దిగెను. ప్రసాదము పుచ్చుకొనుటకు ఎవరును రాలేదు. కేతకి పుట్టింటికి బయలుదేరుచు, "అమ్మవారికి కూడా లంచమేనాండీ? ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు" అనెను. సుకంఠుడు పులిహోర ముందు ఒక్కడే కూర్చుండి, ముద్ద దిగక ఏడ్చెను.

తెల్లవారగానే గుడిముందుకు పోయి, తలుపు మూసినది మొదలు అంతయు గొంతెత్తి చెప్పెను. జనులు ఛీ యనిరి. రాజు అతని ఉద్యోగమును, ఇంటిని లాగుకొని, నందిగుప్తుని తగవును తిరిగి విచారించెను. సుకంఠుడు సాలెవీధిలో తలుపులేని పాకలో చేరి, ప్రతి శుక్రవారము వ్రతము చేసి, వినువారు లేకున్నను తన కథ చెప్పుచుండెను. ఏడాది కడచిన పిదప ఒక శుక్రవారము కేతకి వచ్చి, చాపమీద కూర్చుండి, "చెప్పండి" అనెను. అతడు ఆమె చేత అక్షతలు పెట్టి, మొదటినుండి చెప్పెను.

కావున రాజు తరఫున వాదించువారు, పదిమంది సొమ్మును గూర్చి మాటలాడువారు, ఆలుబిడ్డలకు చెప్పలేని పని చేసి అన్నము సయించనివారు ఈ వ్రతము చేయవలెను. పోయిన ఉద్యోగము వచ్చునని పెద్దలు చెప్పలేదు. ఇంట మాటలాడు మనిషి దక్కును. అక్షతలు అమ్మవారి పాదములపై వేసి, పక్కవారితో ఒక్క మాటయైన ఆడి లేవుడు.