దయ వద్దన్న ముంగిస

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో జంతువుల పిల్లలకు ఒక బడి ఉండేదర్రా. ఆ బడికి సైన్సు టీచరు కావాల్సి వచ్చింది.

ఆ ఉద్యోగం కోసం సునంద అనే ముంగిస వచ్చింది. చిన్నప్పుడు వేటగాడి ఉచ్చులో పడి దాని వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల చెక్క మీద కూర్చుని, ముందు కాళ్లతో నెట్టుకుంటూ తిరిగేది. దానికి సైన్సంటే ప్రాణం. పట్టుబట్టి చదువుకుంది.

హెడ్మాస్టరు ఎలుగుబంటి, కొంగ మాస్టరు, నక్క మాస్టరు దాన్ని చూసి మొహమొహాలు చూసుకున్నాయి.

"ప్రయోగాల బల్ల నీకు అందదు కదమ్మా," అంది కొంగ.

"పిల్లలు పాఠం వినరు, నిన్ను చూసి జాలిపడుతూ కూర్చుంటారు," అంది నక్క.

"మంట అంటుకుంటే నువ్వెలా పరిగెత్తుతావు? పోనీ, చిన్నపిల్లలకు కథలు చెప్పుకో. ఆ పని ఇస్తాను," అంది ఎలుగుబంటి.

సునందకు ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"మంట లేస్తే పరిగెత్తను సార్, ఆర్పుతాను. ఆ బల్ల మీ ఎత్తుకు చేయించుకున్నారు. నాకు అందకపోతే తప్పు నా కాళ్లదా? నేను చదివింది సైన్సు. ఒక్క పాఠం చెప్పనివ్వండి. బాగా చెప్పకపోతే పంపించేయండి. నా కాళ్లు చూసి మాత్రం పంపకండి."

ఎలుగుబంటి అయిష్టంగానే ఒప్పుకుంది.

సునంద నేల మీదే దీపం పెట్టింది. పక్కన తడి ఇసుక ఉంచుకుంది. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, దీపం వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లించింది. మంట చిన్నదై ఆరిపోయింది.

"ఎవరూ ఊదలేదు. మరి ఎందుకు ఆరింది?" అని అడిగింది.

"లోపల గాలి చాలలేదా టీచర్?" అంది కుందేలు పిల్ల.

"పెద్ద గ్లాసు బోర్లించి చూద్దాం. రా, నువ్వే పెట్టు."

దీపం మళ్లీ వెలిగించి పెద్ద గ్లాసు బోర్లిస్తే, మంట ఇంకొంచెం సేపు వెలిగి ఆరింది. పిల్లలంతా ముందుకు జరిగారు. ఎవరూ సునంద కాళ్ల వైపు చూడలేదు.

"ఇన్నాళ్లూ మాకు బల్ల కాళ్లే కనిపించేవి సార్. ప్రయోగం చూడడం ఇదే మొదలు," అంది ఉడుత పిల్ల ఎలుగుబంటితో.

ఎలుగుబంటి తల దించుకుంది. నక్క మాత్రం గొంతు సవరించుకుని, "సరే, నీ మీద దయతో ఈ ఉద్యోగం ఇస్తాం," అంది.

"దయ వద్దండి," అంది సునంద. "పాఠం బాగుంటే ఇవ్వండి. లేకపోతే ఇప్పుడే వెళ్లిపోతాను."

అది విని ఎలుగుబంటి లేచి నిలబడింది.

"పాఠం బాగుంది. రేపటి నుంచి మీరు రండి టీచర్‌గారూ," అంది.

నీతి: ఎవరికైనా పని వచ్చో రాదో పని చూసి తేల్చాలి, ఒళ్లు చూసి కాదు. మనకు దక్కాల్సినదాన్ని దయ పేరుతో ఇస్తామంటే వద్దని చెప్పాలి.