మూడో చరణం

సాన్ ట్వే రాసిన పాటల పుస్తకం పూర్తయింది. గురువు చెయ్యి పడనిదే దాన్ని అచ్చుకు ఇవ్వడానికి మాత్రం అతనికి మనసొప్పలేదు.

గురువు పేరు ఊ నందియ. తెల్లదొరలు బర్మాను ఏలుతున్న రోజుల్లో, రంగూన్ రేవుకు దగ్గర్లో ఉన్న ఓ చిన్న బౌద్ధ మఠానికి ఆయన పెద్ద. సాన్ ట్వే చేత అక్షరాలు దిద్దించిందీ, పాట కట్టడం నేర్పిందీ ఆయనే. ఎంత పేరు తెచ్చుకున్నా సాన్ ట్వే పొద్దున్నే మఠానికి వచ్చి ఆయన వెంట భిక్షకు నడిచేవాడు. గురువు చేతిలో నల్లటి భిక్షాపాత్ర, శిష్యుడి చేతిలో కూరల గిన్నె.

భిక్షకు ఒక పద్ధతి ఉంది. గుమ్మం ముందు నిలబడాలి, నోరు తెరిచి అడగకూడదు. పెడితే పట్టాలి. పెట్టకపోతే కాసేపు ఆగి కదలాలి. దొరికింది మధ్యాహ్నం పన్నెండు లోపే తినాలి. ఆ గంట దాటితే మర్నాటి దాకా మెతుకు ముట్టకూడదు.

వాళ్ళు చివరగా వెళ్ళేది తెలుగు కూలీల సందుకు. సముద్రం దాటి వచ్చి, రేవులో బస్తాలు మోసే జనం. మొదటి గదిలో నూకాలు ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి మొగుడితో పాటు ఓడెక్కి వచ్చిన మనిషి.

"ఇయ్యేల సేప దొరకనేదు సాములోరూ. సింతపండు పులుసే. ఏటీ అనుకోకండి," అని గరిటెతో పోసేది.

ఊ నందియకు తెలుగు రాదు. అయినా ఆమె మాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడేవారు. రేవు పక్కన పుట్టి పెరిగిన సాన్ ట్వేకి ఆ మాటలన్నీ అర్థమయ్యేవి. ఈ మధ్య అవి వింటేనే అతనికి ఒళ్ళు మండుతోంది.

మండడానికి కారణం లేకపోలేదు. కూలి పెంచమని తెలుగువాళ్ళు పని ఆపేశారు. ఓడల కంపెనీ దొరలు వెంటనే బర్మావాళ్ళను పిలిచి బస్తాలు మోయించుకున్నారు. సాన్ ట్వే తమ్ముడూ వెళ్ళాడు. చాన్నాళ్ళకు ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. ఇంతలో దొరలు తెలుగువాళ్ళతో రాజీపడి, బర్మావాళ్ళను కూరలో కరివేపాకులా తీసి పారేశారు. ఇద్దరి కడుపూ కొట్టినవాడు మేడమీద చల్లగా టీ తాగుతున్నాడు. కింద ఉన్న ఇద్దరూ ఒకరినొకరు కొరకొరా చూసుకుంటున్నారు. పైకి తలెత్తి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

పుస్తకంలో అసలైన పాటకు మూడు చరణాలు. మొదటి రెండూ దొరల మీద. మా బియ్యం మీ ఓడల్లోకి ఎందుకు పోతోందని నిలదీసేవి. మూడోది కూలీల మీద.

*ఈ నేల మెతుకు ఈ నేల బిడ్డకే,*
*కంచంలో పడ్డ పరాయి చెయ్యి విరిచెయ్.*

ఊ నందియ మొత్తం చదివారు. కాగితాలు మడిచి శిష్యుడికి ఇచ్చేశారు.

"మూడో చరణం తీసేసి తీసుకురా."

"ఎందుకు తీసెయ్యాలి స్వామీ? నా తమ్ముడి నోటికాడ కూడు లాక్కున్నది వాళ్ళేగా!"

"ఎవరు? ఆ పులుసు పోసే తల్లా?"

"ఇది ఒక మనిషి సంగతి కాదు స్వామీ. దేశం సంగతి. మీరు ఆ సందుకు వెళ్ళడమే మానెయ్యాలి. ఆ జనం మీద పాత్ర బోర్లించాలి."

మఠాల్లో దాన్ని మించిన శిక్ష లేదు. కొట్టరు, తిట్టరు, శపించరు. తప్పు చేసినవాడి ముందు భిక్షువు తన పాత్రను తలకిందులు చేస్తాడు. నీ చేతి కూడు నాకొద్దని అర్థం. తాను ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ళను క్షమాపణ అడిగితే గాని ఆ పాత్ర మళ్ళీ నిలబడదు.

"నలభై ఏళ్ళుగా ఈ పాత్ర మోస్తున్నాను. ఇంతవరకు ఎవరి మీదా బోర్లించలేదు," అన్నారు ఊ నందియ.

సాన్ ట్వే ఆ సాయంత్రమే పుస్తకాన్ని అచ్చుకు ఇచ్చేశాడు. గురువు ముసలివాడయ్యాడు, లోకం తెలియడం లేదు అనుకున్నాడు. అలా అనుకుంటే కోపం కాస్త తేలికైంది.

పుస్తకం బయటికి రాకముందే పోలీసులు అచ్చాఫీసుకు వచ్చారు. పాటలన్నీ చదివించుకుని విన్నారు. దొరల మీద రాసిన చరణాలకు నల్లసిరా పూయించారు. మూడో చరణం విని ఒకరి మొహం ఒకరు చూసుకుని, అది ఉంచుకోమన్నారు. అచ్చాఫీసు యజమాని బతుకుజీవుడా అనుకుని ఆ ఒక్క చరణాన్నే ఒంటి కాగితం మీద వేస్తానన్నాడు. సాన్ ట్వే సరేనన్నాడు. పాట మొత్తం పోవడం కన్నా కొంతైనా జనంలోకి వెళ్ళడం మేలు కదా!

నిజంగానే వెళ్ళింది. టీ కొట్ల దగ్గర పాడారు. పోలీసు ఠాణా ముందు కూడా గొంతెత్తి పాడారు. ఎవరూ ఆపలేదు.

"నీ పాట ఊరంతా పాడుతున్నారట," అన్నారు ఊ నందియ ఓ పొద్దున, నడుస్తూనే.

"అవును స్వామీ." సాన్ ట్వే గొంతులో గర్వం దాగలేదు.

"మూడు చరణాలూనా?"

సాన్ ట్వే గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆ వారమే తెలుగు కూలీల మీద కత్తులు లేచాయి. రెండు రోజులు రేవులో మనిషి తల ఎత్తి నడవలేదు. మూడో రోజుకు తెలుగువాళ్ళలో ఓడ అందినవాళ్ళు ఓడెక్కారు. అందనివాళ్ళ సంగతి నదికి తెలుసు. సాన్ ట్వే ఆ రెండు రోజులూ తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉన్నాడు. తాను రాయి కూడా పట్టలేదని తల్లికి పదిసార్లు చెప్పాడు. ఆమె అడగకుండానే చెప్పాడు.

నాలుగో రోజు పొద్దున ఊ నందియ పాత్ర తీసుకుని బయల్దేరారు. ఆ రోజు వేరే ఏ గుమ్మం దగ్గరా ఆగలేదు. నేరుగా కూలీల సందుకు నడిచారు.

నూకాలు గది ముందు ఆగారు. ఒక తలుపు ఊడి నేల మీద పడి ఉంది. లోపల పులుసు గిన్నె బోర్లా పడి, ఒలికిందంతా ఎండిపోయి ఉంది. గరిటె మాత్రం గోడకున్న మేకుకు వేలాడుతూనే ఉంది.

ఇంకా నిలబడి ఉన్న రెండో తలుపు మీద ఓ కాగితం అతికించి ఉంది. సాన్ ట్వే దాన్ని చూశాడు. పక్క తలుపు చూశాడు. ఎదుటి తలుపు చూశాడు. ఆ సందులో ప్రతి తలుపు మీదా అదే కాగితం. ఏ ఇంట్లో దూరాలో తెలియడానికి దాడికి ముందురోజే ఎవరో గుర్తుగా అతికించి పోయారు. అన్నిటి మీదా అతని రెండు పంక్తులే. కింద అతని పేరు.

ఊ నందియ పాత్ర పట్టుకుని నిలబడే ఉన్నారు.

"స్వామీ, లోపల ఎవరూ లేరు," అన్నాడు సాన్ ట్వే.

ఆయన కదల్లేదు. ఎండ ఎక్కింది. అయినా కళ్ళు గుమ్మం మీద నుంచి తిప్పలేదు.

"స్వామీ, పొద్దెక్కుతోంది. మీరు నిన్న కూడా తినలేదు. పదండి."

ఆయనకు వినబడనట్టే ఉంది. సాన్ ట్వేకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోలీసుల మీద వచ్చింది, అచ్చాఫీసు వాడి మీద వచ్చింది, పాత్ర పట్టుకుని కదలని ఈ ముసలాయన మీద కూడా వచ్చింది. అందరి మీదా తిరిగి తిరిగి అది తన దగ్గరకే వచ్చి ఆగింది. అక్కడ నిలవలేక పరుగెత్తాడు.

ఇంటికి పోయి తల్లి వండిన అన్నం గిన్నె, గరిటెతో సహా ఎత్తుకుని, రొప్పుతూ తిరిగి వచ్చాడు. పన్నెండుకు ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. గురువు ముందు మోకాళ్ళ మీద కూలబడి, వేడి అన్నం గరిటె నిండా తీసి పైకెత్తాడు.

"పట్టండి స్వామీ. గంట కొట్టేస్తారు."

ఊ నందియ మొదటిసారి అతని వైపు తిరిగారు. ఆ కళ్ళలో అంత కోపం ఉండగలదని సాన్ ట్వే ఎన్నడూ అనుకోలేదు. ఆయన రెండు చేతులతో పాత్రను మెల్లగా తిప్పి, అతని ముందు నేల మీద బోర్లించారు.

రేవులో పన్నెండు గంటలు కొట్టారు.

సాన్ ట్వే గరిటెలోని అన్నం నేలపాలైంది. "క్షమించండి స్వామీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు.

"నన్ను అడుగుతావేం?" అన్నారు ఊ నందియ. "ఈ గుమ్మాన్ని అడుగు. లోపల్నుంచి జవాబు వచ్చిన రోజున నా పాత్ర తెచ్చివ్వు."

పాత్రను అక్కడే వదిలేసి, ఒట్టి చేతులతో మఠం వైపు నడిచి వెళ్ళిపోయారు.