రేగడి లేపిన కొండలు

ఈ సంగతి నేను కళ్లారా చూసినది కాదు. పదేళ్ల క్రితం డోన్ స్టేషనులో రైలు కోసం వేచి ఉన్నప్పుడు, పక్కన కూర్చున్న ఓబుళేశ్వరి గారనే భూగోళశాస్త్ర అధ్యాపకురాలు చెప్పగా విన్నది. ఆమె చెప్పిన వరుసలోనే వ్రాస్తున్నాను.

నంద్యాల దగ్గరి ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో హుస్సేనప్ప గారు ఆమె గురువు. ప్రశ్న అడిగినవారికి ఆయన జవాబు చెప్పేవారు కారు, ఏదో ఒక పని అప్పగించేవారు. ఒకనాడు ఆమె అడిగింది: “సార్, పుస్తకంలో హిమాలయాలకు పదకొండు పేజీలు. మన దక్కనుకు రెండే మాటలు, పురాతనం, స్థిరం. మన నేల పని ఎప్పుడో అయిపోయిందనా?”

“సోమవారం పర్యవేక్షకులు వస్తున్నారు. పెరట్లో అసలు మట్టితో దేశపటం చెయ్యమ్మా,” అన్నారాయన.

ఆ పటం మెప్పు పొందితే అక్కడి అధ్యాపక పదవికి ఆమె పేరు సిఫారసు అవుతుంది. లేకుంటే కదిరి వెళ్లి అన్నగారి కిరాణా కొట్టులో కూర్చోవాలి. ఆమె తూర్పు, పడమర, దక్షిణాల బేతంచెర్ల నాపబండలు నిలబెట్టి, పీఠభూమికి నల్లరేగడి, దాని ఎగువన గంగామైదానానికి సన్నగా ఒండ్రు, ఆపైన ఉత్తరాన ఎర్రమట్టితో హిమాలయాలు అమర్చింది. వాటి వెనుక టిబెట్టుగా పెద్ద రాయి ఒకటి దొర్లించింది.

ఆమె ఎర్రనేలలో పుట్టిన మనిషి, రేగడి గుణం తెలియదు. ఎండు రేగడిని కూడా ఎర్రమట్టిలాగే అంచులదాకా దట్టించింది. ఆదివారం మధ్యాహ్నం దుమ్ము లేస్తోందని పది బిందెల నీళ్లు పోసింది. తెల్లవారి చూస్తే నల్లనేల ఉబ్బింది. బండలు జరగనివ్వక అది ఉత్తరానికి తోసుకుపోయింది. హిమాలయాలు ముడతలు పడి బెత్తెడు పైకి లేచాయి.

తోటమాలి గిడ్డయ్య తాపీగా చూసి, “రేగడికి నీళ్లు తాపితివా తల్లీ? ఇంక అది నీ మాట వినదులే,” అన్నాడు.

సరిచేద్దామని ఆమె పార అందుకుంది. హుస్సేనప్ప గారు వద్దని చెయ్యి ఊపారు.

“కొండలు ఇలా చేశారేమిటమ్మా?” అని అప్పుడే వచ్చిన పర్యవేక్షకులు గారు అడిగారు.

“నేను చేయలేదండీ. నేను చేసినవి పొట్టివి. దక్షిణం నెట్టింది.”

“ఇది మట్టి ఉబ్బడం. భూఫలకాల కదలిక కాదు గదా?”

“కాదండీ. కానీ అక్కడ లేచినదానికి కారణం ఇక్కడ వెతకాలని ఇప్పుడే తెలిసింది.”

పర్యవేక్షకులు గారు తమ పుస్తకంలో ఏదో వ్రాసుకున్నారు.

ఆ పదవి ఆమెకే వచ్చింది. ఇరవై ఆరేళ్లు ఆ పెరట్లోనే పాఠం చెప్పింది. ఏటా పటం చేయించి, కావాలనే నీళ్లు పోయించేది. పోసే బాధ్యత గిడ్డయ్య విశ్రాంతి తీసుకునేదాకా ఎవరికీ వదల్లేదు. ఆ పర్యవేక్షకులు గారు తమ ఊరు చేరి, మనుమలకు అదే పటం చేసి చూపారట. హుస్సేనప్ప గారు డోన్ దగ్గర సీతాఫలాల తోట వేసుకున్నారు. నేను కలిసిన రోజు ఆమె అక్కడినుంచే వస్తోంది.

“మన నేల పని అయిపోయిందా అన్న నా ప్రశ్నకు ఇన్నేళ్లయినా మీరు జవాబు చెప్పలేదు సార్,” అన్నదట.

ఆయన ఒక పండు విప్పి సగం ఆమె చేతిలో పెట్టి అన్నారట:

“దాని మీదనే కూర్చున్నాం గదమ్మా, కదిలితే మనకెట్లా తెలుస్తుంది?”