కురిడీ కాయ

మా ల్యాబులో కిరీటి చేసిన ముక్క మళ్ళీ ఫట్‌మని విరిగింది.

సిలికాన్ కార్బైడ్ పింగాణీ అది. విమానం ఇంజన్లో మంటకి ఎదురు నిలవాలి. పగులు పాకకుండా లోపల అదే పదార్థంతో తీసిన సన్నటి దారాలకి కార్బన్ పూత వేసి పరిచాడు. ఇక ఒక్క చుట్ట దారమే మిగిలింది. అదీ పాడైతే మావాడి పీహెచ్‌డీ గోవిందా!

తన గైడు వకుళ మేడం గదికి పరిగెత్తాడు.

"దారం మీద ఆ కార్బన్ పూతే కొంప ముంచుతోంది మేడం. పోయినసారి పల్చగా వేశాను, అయినా విరిగింది. ఈసారి పూతే మానేస్తాను. దారాన్నీ పింగాణీనీ విడదీయలేనంతగా అతికించేస్తాను, చూడండి."

మేడంది అమలాపురం. ఆవిడ కోప్పడరు, పాఠమూ చెప్పరు. కొత్త మిషన్‌కి కొడదామని తెచ్చిన కొబ్బరికాయ తీసి అతని చేతిలో పెట్టారు. బీరువా మీంచి ఇంకోటి దించారు. అది ఊరి నుంచి తెచ్చుకున్న కురిడీ కాయ. ఊపితే ఎండిన కొబ్బరి గుండు లోపల లొడలొడలాడింది.

"రెండూ కొట్టు నాయనా."

మామూలు కాయ కొట్టాడు. చిప్పా కొబ్బరీ ఒకే గీతన రెండుగా పగిలాయి. నీళ్ళు చొక్కా మీద పడ్డాయి.

కురిడీ కొట్టాడు. చిప్ప ముక్కలైంది. లోపలి గుండు మాత్రం చిన్న గాటైనా పడకుండా దొర్లుకుంటూ బల్లకిందికి పోయింది.

కిరీటి జేబులోంచి విరిగిన ముక్క తీసి, వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఒక్క దారమూ బయటికి జారలేదు మేడం. అన్నీ పింగాణీకి అతుక్కుని దాంతో పాటే తెగిపోయాయి."

"ఊఁ" అన్నారావిడ, కొబ్బరి ముక్క కొరుకుతూ.

అబ్బ, ఏం మనిషండీ! నేనైతే గంటసేపు బోర్డు మీద బొమ్మలు గీసేవాణ్ణి.

దారాలు పింగాణీకి అతుక్కోకుండా ఆఖరి చుట్టకి కిరీటి పూత సరిపడా మందంగా వేశాడు. కొత్త ముక్కని మిషన్‌లో పెట్టి బరువు పెంచుతుంటే మేమందరం చుట్టూ మూగాం. చిటపట చప్పుడైంది. ముక్క మీద సన్నగా గీతలు లేచాయి. అది కొద్దిగా వంగింది. దారాలు లోపల జారుతూనే దాన్ని పట్టుకుని ఉన్నాయి.

"మేడం, పగిలింది!" కిరీటి అరిచాడు.

మేడం కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"పగలనీ నాయనా. విరగలేదు కదా."