మార్తమ్మ నోట వచ్చిన మాట

"ఏ పిల్లి నుంచి అంటుకుందని చెప్పమంటారు మేడమ్?" అని అడిగాడు సుదర్శన్.

అతను పశువైద్యం చదువు ముగించుకుని డాక్టర్ కుముదిని గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆ రోజు ఒక ఇంటివాళ్లు పొట్టలో నీరు చేరిన పిల్లిని తీసుకొచ్చారు. పిల్లుల్లో ఉండే కరోనా వైరస్ వల్ల వచ్చిన జబ్బని తేలింది. వాళ్ల ఇంట్లో ఇంకా చాలా పిల్లులున్నాయి. వాళ్లు మందు సంగతి అడగడం లేదు, అంటించింది ఏదో చెప్పమంటున్నారు.

తప్పు ఎవరిదని అడిగే ప్రశ్నకు కుముదిని గారు వెంటనే జవాబివ్వరు. అది ఆవిడ అలవాటు. ఈసారీ అంతే. చేతి తొడుగులు విప్పి పక్కన పడేసి, తాను కాకినాడలో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పారు.

జగన్నాథపురంలో మార్తమ్మ అనే ఆవిడ ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. చుక్క అనే పిల్లి ఆవిడ ఇంట్లో ఈనితే, ఆ ఈతలో బంతి అనే కూన ఒక్కటే దక్కింది. అది గుడ్డపేలికల గంపలో పడుకునేది. మిషన్ చప్పుడు ఆగితే చాలు, ఎందుకాపావన్నట్టు తలెత్తి చూసేది. పిల్లలు లేని మార్తమ్మకు అదే లోకం.

మనుషుల్ని కరోనా పట్టుకున్న ఏడాది మార్తమ్మ చెల్లెలు ఎస్తేరు భర్త దానితోనే పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఎస్తేరు అద్దె ఇల్లు ఖాళీ చేసి అక్క దగ్గరికి వచ్చేసింది. భర్త ముద్దుగా పెంచిన గండుపిల్లిని వెంట తెచ్చుకుంది. దాని పేరు దొర. మార్తమ్మ ఎదురెళ్లి బుట్ట అందుకుని, "వీడు కూడా మనవాడేలే, రా" అంది.

వానలు మొదలయ్యేసరికి బంతి తిండి మానేసింది. జ్వరం మందులకు లొంగలేదు. వెన్నెముక పైకి తేలింది, పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. దగ్గర్లోని పశువుల ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి కరోనా అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక ఇంకేం చెప్పారో మార్తమ్మకు వినపడలేదు. ఇంటికొచ్చేసరికి ఎస్తేరు కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగు చేస్తోంది.

"నీ వెంటే వస్తుందటే ఆ జబ్బు? అక్కడ ఆయన్ని తీసుకుపోయింది, చాలక ఇక్కడ దీన్ని పట్టుకుంది" అంది మార్తమ్మ.

ఎస్తేరు కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, దొరను బుట్టలో పెట్టుకుని బయటికి నడిచింది. మార్తమ్మ గుమ్మం దాకా వెళ్లింది. పిలుద్దామని నోరు తెరిచింది కూడా. లోపల బంతి మూలిగింది. వెనక్కి తిరిగి వచ్చేసింది.

తర్వాత ఇల్లంతా ఫినాయిలు పోసి కడిగింది. దొర పడుకున్న గోనెపట్టా తగలబెట్టింది. జబ్బు తెచ్చిన పిల్లి వెళ్లిపోయింది కాబట్టి అదీ పోతుందని ఎదురు చూస్తూ కూర్చుంది. బంతికి ఊపిరి అందకుండా పోయాక గానీ కుముదిని గారి దగ్గరికి పరుగెత్తలేదు.

కుముదిని గారు సూదితో పొట్టలోంచి పచ్చటి నీరు తీశారు. చుక్కకూ పరీక్ష చేస్తే దానికీ ఆ వైరస్ ఉంది.

"ఇది మనుషుల కరోనా కాదమ్మా, పిల్లులది. వాటి పేగుల్లో ఉంటుంది. చాలావాటికి కాస్త విరేచనాలై తగ్గిపోతుంది, కొన్నిటికి అదీ ఉండదు. బంతికి తల్లి దగ్గరే వచ్చి ఉండొచ్చు. దొర దగ్గర వచ్చిందన్నా కాదనలేను. కానీ దీన్ని తినేస్తున్నది అలా వచ్చిన వైరస్ కాదు. వైరస్ తనలాంటివాటినే పుట్టిస్తూ పోతుంది. ఆ పుట్టించడంలో ఎక్కడో చిన్న తేడా వస్తుంది. అలా మారినది ఒకటి పేగు దాటి, రక్తంలోని కణాల్లో దూరి, ఒళ్లంతా పాకింది. ఆ మార్పు బంతి ఒంట్లోనే జరిగింది."

"మరి దొర...?"

"దొర పాపం ఏం చేశాడమ్మా?"

మార్తమ్మ బంతి వీపు నిమిరింది. "మందుందా అండీ?" అని అడిగింది.

"ఉంది. ఇప్పుడే మొదలుపెడదాం. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే..." అని ఆగిపోయారు కుముదిని గారు.

బంతి దక్కలేదు. దాన్ని పెరట్లో పూడ్చిపెట్టి, మార్తమ్మ చెల్లెల్ని వెతుక్కుంటూ సామర్లకోట వెళ్లింది. అక్కడొక ఇరుకు గదిలో ఎస్తేరు ఒక్కతే ఉంది.

"దొర ఏడే?"

"పిల్లి ఉంటే గది ఇవ్వనన్నారక్కా. చేపల బజారులో వదిలేశాను. మనసొప్పక మళ్లీ వెళ్లి చూస్తే లేడు."

మార్తమ్మ డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. దొర తప్పేం లేదంది. రెండోసారి కూడా అంది. ఎస్తేరు అంతా విన్నది.

"దొర సంగతి సరే. ఆయనకి ఆ జబ్బు నేనే తెచ్చి పెట్టానేమోనని ఇన్నాళ్లూ నాలో నేనే కుమిలిపోతున్నాను. ఎవరన్నా అంటారని భయపడేదాన్ని. నువ్వు మాత్రం అనవనుకున్నాను అక్కా."

క్షమించమని అడగాలనే మార్తమ్మ అంతదూరం వెళ్లింది. ఆ మాట విన్నాక అడగనే లేదు. తర్వాతెప్పుడో చుక్కకు టీకా వేయించడానికి కుముదిని గారి దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతంతా తనే చెప్పుకుని ఏడ్చింది.

కుముదిని గారు చెప్పడం ఆపారు.

"చెల్లెలు తిరిగి వచ్చిందా మేడమ్?"

"వచ్చింది. ఏమీ జరగనట్టే ఉంటుంది," అంటూ ఆవిడ కొత్త తొడుగులు తీసుకున్నారు. "జబ్బుకైతే మందుంది, సుదర్శన్."