వర్ధనమ్మగారి ఫ్రూట్ సలాడ్

పేరయ్యశాస్త్రిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన శ్లోకం చదివేవారు కారు. "చూద్దాం" అనేవారు. ఆ మాటంటే శిష్యులకి హడలు. అలా అన్నాక అడిగినవాణ్ణి ఏదో ఒక చోటికి పిలవడమో పంపడమో చేసేవారు. వాడు అక్కణ్ణించి జవాబుతో తిరిగొస్తాడో దెబ్బ తిని తిరిగొస్తాడో ముందుగా తెలిసేది కాదు. తునిలో ఆయన దగ్గర సాయంకాలాలు ఉపనిషత్తులు చదువుకునేవాళ్ళలో ఉపేంద్ర అనే హైస్కూలు మాస్టారు ఒకడు. తెలివైనవాడు, మాటకారి. ఎవరి మనసూ నొప్పించడని పేరు తెచ్చుకున్నాడు, ఆ పేరంటే అతనికి కాస్త ముచ్చట కూడాను. ఒకనాడు పాఠం మధ్యలో ఇలా అడిగాడు.

"గురువుగారూ, ఎదుటివాళ్ళు బాధపడకుండా ఉండడానికి ఓ చిన్న అబద్ధం ఆడితే, అది కూడా దోషమేనంటారా?"

శాస్త్రిగారు పుస్తకం మూశారు. "చూద్దాం. ఆదివారం మా వాళ్ళంతా కలుస్తున్నారు. నువ్వూ భోజనానికి రా" అన్నారు.

ఏటా వేసవిలో శాస్త్రిగారి తమ్ముళ్ళూ, వాళ్ళ పిల్లలూ ఆ ఇంట్లో కలవడం ఆనవాయితీ. వంట ఎవరు చేసినా చివర్లో వడ్డించే ఫ్రూట్ సలాడ్ మాత్రం శాస్త్రిగారి అక్కగారు వర్ధనమ్మగారిదే. ఆవిడ భర్త విశాఖపట్నం రేవులో పనిచేసేవారు. డబ్బాల్లో వచ్చే అనాస ముక్కలు ఆయనే తెచ్చి ఇచ్చేవారు. పాలు చిక్కగా మరిగించి, కస్టర్డు పొడి కలిపి, చల్లారాక మీగడ గిలక్కొట్టి వేసి, ఆ ముక్కలతో ఆవిడ చేసే సలాడ్ కోసం ఆ రోజుల్లో చుట్టాలు నిజంగానే కాచుకుని కూర్చునేవారు. ఆయన పోయాక ఆవిడ తమ్ముడింటికి వచ్చేశారు. డబ్బాలు తెచ్చిపెట్టే మనిషి లేరు. తాజాపండు అంతకన్నా శ్రేష్ఠం కదా అనుకుని, మగ్గిన అనాసపండు కొనిపించి, ఉడికించకుండానే ముక్కలు కోసి వేయడం మొదలుపెట్టారు. ఉడికించని అనాస పాలలో నానితే చేదెక్కుతుంది. పాపం, ఆవిడకి ఆ సంగతి తెలియదు. దేవుడికి నైవేద్యం పెట్టకముందు దేన్నీ రుచి చూడకూడదన్నది ఆ ఇంటి నియమం. పెట్టాక చూద్దామంటే ఆవిడకి షుగరు.

భర్త పోయిన కొత్తలో ఆ మనిషికి ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పలేదు. మరుసటేడు చెబుదామంటే, కిందటేడు లొట్టలు వేసుకుంటూ తిన్న నోరు అది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉండనే ఉంది. దాన్ని పూర్తిగా రాయడం మర్యాద కాదు కానీ, ఆ ఇంట్లో అయిందదే.

ఆదివారం పంక్తిలో ఉపేంద్ర కూడా కూర్చున్నాడు. చివర గాజు కప్పులు వచ్చాయి. మీగడ మీద దానిమ్మ గింజలు మెరుస్తున్నాయి. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే ముందు తీపి తగిలింది. వెనకాలే వేపాకు నమిలినట్టు చేదు వచ్చి నాలిక మీద కూర్చుంది. మింగలేక కక్కలేక అతను చుట్టూ చూశాడు. అందరూ "బ్రహ్మాండం", "ఆ చేతి మహిమే వేరు" అంటూనే చెంచాలతో అరటిపండు ముక్కలు ఏరుకుంటున్నారు. శాస్త్రిగారు తల వంచుకుని తింటున్నారు. వర్ధనమ్మగారు గుమ్మంలో నిలబడి కొత్తగా వచ్చినవాడి ముఖంకేసే చూస్తున్నారు.

"అమృతం అమ్మా! ఇలాంటిది నా జన్మలో తినలేదు" అన్నాడు ఉపేంద్ర. రెండో మాట మాత్రం నిజం.

ఆవిడ ముఖం చాటంతయింది. గబగబా లోపలికి వెళ్ళి ఓ క్యారేజీ నిండా పోసి తెచ్చారు. "ఇంట్లోవాళ్ళకి పట్టుకెళ్ళు నాయనా. మావాళ్ళు నా మొహం చూసి బాగుందంటున్నారేమోనని లోపల ఓ అనుమానం ఉండేది. నువ్వు పరాయివాడివి, నీకేం అవసరం? ఇవాళ్టితో ఆ బెంగ తీరింది" అన్నారు.

ఆ మాట విన్నప్పుడైనా అతను నోరు విప్పవలసింది. క్యారేజీ అందుకుని నమస్కారం చేశాడు. సందు మలుపు తిరిగాక అటూ ఇటూ చూసి, మూత తీసి, అదంతా మురుగుకాలువలోకి వంపేశాడు. ద్రాక్షలూ సపోటా ముక్కలూ నల్లటి నీళ్ళలో పడి ఇంకా తేలుతూనే ఉన్నాయి. వెనక చెప్పుల చప్పుడైంది. అతను మరిచిపోయిన గొడుగు పట్టుకుని, ఎండలో రొప్పుతూ వర్ధనమ్మగారు వస్తున్నారు.

ఆవిడ కాలువకేసి చూశారు. ఖాళీ క్యారేజీకేసి చూశారు. "అదేమిటి నాయనా, పారబోశావా? బాగాలేదా?"

"అయ్యయ్యో, ఎంతమాట! మూత సరిగ్గా పట్టలేదమ్మా. చెయ్యి జారింది. నా ప్రాణం ఉసూరుమంటోంది."

ఎంత చక్కగా వచ్చిందో ఆ మాట! వెతుక్కోనక్కరలేకుండా, తడబడకుండా వచ్చింది. అలా వచ్చినందుకే అతనికి తనమీద తనకి అసహ్యం వేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇతను ఆ కాలితోనే మళ్ళీ అడుసులోకి దిగాడు.

ఆవిడ నమ్మేశారు. "దానికింత బాధెందుకు? పాలు మిగిలే ఉన్నాయి, పళ్ళూ ఉన్నాయి. క్షణంలో కలిపిస్తాను, రా" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తన ఊరి బస్సుకి వేళయిందన్నాడు. తరవాత బస్సుకి వెళ్ళమన్నారు.

వంటింట్లో పీట వేసి అతన్ని కూర్చోబెట్టి, ఆవిడ కత్తిపీట ముందు కూర్చున్నారు. కీళ్ళవాతంతో వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. అనాసకాయని పట్టుకుని తిప్పడానికి ఆ వేళ్ళు సాగడం లేదు. ముళ్ళు గుచ్చుకున్న చోట పులుపు మండుతుంటే కొంగుతో అద్దుకుంటున్నారు. "మీ బాబాయిగారున్నప్పుడు డబ్బా మూత ఆయనే కోసిపెట్టేవారు. దీంతో చాకిరీ ఎక్కువేలే. అయినా మీరంతా ఇంత ఇష్టంగా తింటుంటే కష్టమనిపించదు" అంటున్నారు. శాస్త్రిగారి భార్య కామాక్షమ్మగారు పక్కనే కప్పులు తుడుస్తూ తల ఎత్తడం లేదు. శాస్త్రిగారు మంచినీళ్ళకని వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

ఉపేంద్ర తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పిల్లలకి నీతిపాఠాలు చెప్పే నోరు తనది. ఒక ముసలావిడ తన అబద్ధాన్ని నిజం చేయడానికి వేళ్ళు హూనం చేసుకుంటుంటే చూస్తున్నాడు. ముక్కలు పాలలో వేయబోతూ ఆవిడ గిన్నె ఎత్తారు.

"వెయ్యకండమ్మా" అన్నాడు. "చేదుగా ఉంది. నా చెయ్యి జారలేదు. నేనే పారబోశాను."

ఆవిడ గిన్నె దించలేదు. మరదలికేసి తిరిగారు. "కామాక్షీ?"

"అనాస పచ్చిగా వెయ్యకూడదండీ, వదినగారూ" అన్నారు కామాక్షమ్మగారు నేల చూపులు చూస్తూ. "పంచదారతో ఉడికించి, చల్లారాక వెయ్యాలి."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

కామాక్షమ్మగారు తుడిచిన కప్పునే మళ్ళీ తుడవసాగారు. వర్ధనమ్మగారి ముఖం జేవురించింది. ఎదురుగా ఉన్న ముగ్గురిలో ఎవరికేసీ ఆవిడ చూడలేకపోయారు. తప్పు చేసింది వీళ్ళయితే తలవంపులు ఆవిడకి వచ్చాయి. ప్రతి ఏడూ గుమ్మంలో నిలబడి, అందరి ముఖాలూ చూసి, మురిసిపోయి లోపలికి వెళ్ళిన మనిషి ఆవిడ. ఆ వేసవులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి కాబోలు, గిన్నె కింద పెట్టి రెండు చేతులూ కొంగులో దాచుకున్నారు.

"నీ చేతిది చేదుగా ఉందే అని చెప్పడానికి, ఈ ఇంట్లో నాకు ఒక్కరు లేకపోయారా?" అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాళ్ళకి కాస్త తేలికగా ఉండేది. లేచి తన గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకోకుండానే, గోడవైపు తిరిగి పడుకున్నారు. కామాక్షమ్మగారు వెనకే వెళ్ళి మంచం దగ్గర నిలబడ్డారు గాని, కూర్చునే ధైర్యం చేయలేకపోయారు.

ఉపేంద్ర వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. తల కొట్టేసినట్టుంది. కాసేపటికి శాస్త్రిగారూ వచ్చి పక్కన కూర్చున్నారు. సిగ్గు పడ్డవాడికి పక్కవాడి తప్పు కూడా కావాలి. ఉపేంద్రకీ కావలసివచ్చింది. కొంచెం కటువుగానే అడిగాడు.

"నేనంటే ఒక్కపూటకి వచ్చినవాణ్ణి గురువుగారూ. మీరు ఇన్నేళ్ళుగా తింటున్నారు. మీరెందుకు చెప్పలేదు?"

శాస్త్రిగారు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నారు. శిష్యుడి కళ్ళలోకి చూడడానికి ఆయనకి ముఖం చెల్లలేదు.

"మొదటి ఏడు మాత్రం నిజంగా అక్కయ్య కోసమే, ఉపేంద్రా" అన్నారు.