జంబన్న తెచ్చిన ఎత్తు కుర్చీ

కొండ కింద ఒక పశువుల దొడ్డి. దాని చుట్టూ వెదురు దడి. పడమటి వైపు ఒక వెదురు విరిగి, ఎద్దు రొమ్ము ఎత్తున చిన్న కంత పడింది. రెక్కలు ముడుచుకుంటే గాని కోడి కూడా దూరలేని కంత. కనుక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ దొడ్డిలో ఒకటే కుడితి తొట్టి. అందరూ సమానమేనని అక్కడ రోజూ మాట్లాడుకునేవారు, కడుపు నిండాక. మేక పోలమ్మ పిల్ల బుడ్డోడికి మాత్రం ఆ తొట్టి అంచు అందేది కాదు. వాడు మెడ సాచేలోపు పెద్దవాళ్లు అడుగు నాకేసేవారు. పుట్టి నెలన్నరైనా వాడి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"వీడికొక ఎత్తు కుర్చీ కావాలి, లేకపోతే నాకు దక్కడు," అంది పోలమ్మ.

ఆ మాట ఎలా విన్నాడో గాని, మర్నాడు పొద్దున్నే నక్క జంబన్న మూడు కుర్చీలు ఈడ్చుకుంటూ వచ్చాడు. మెడలో కొలతాడు, నోటినిండా నినాదాలు.

"ప్రతి బిడ్డకూ ఒక పీఠం. కింద ఉన్నవాళ్లంతా పైకి రావాలి. ఇది నా వ్యాపారం కాదు పోలమ్మా, నా ఉద్యమం."

పోలమ్మ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ తన పిల్ల గురించి అంత పెద్ద మాట ఎవరూ అనలేదు మరి.

"ఈ పొట్టిది బాగుంది బావా. కాళ్లు వెడల్పుగా ఉన్నాయి, ఒరగదు," అంది.

"అందులో కూర్చుంటే వాడు జీవితమంతా కిందివాడే."

"మరి ఈ చక్రాలది?"

"వాలుకు జారిపోతుంది. నీ మేలు కోరి చెబుతున్నాను, ఈ ఎత్తుది తీసుకో. ముందు పళ్లెం, నడుముకు బెల్టు. మీరంతా మేతకు వెళ్లినా బాబు గంజి తాగుతూ దర్జాగా కూర్చుంటాడు. వీపు మాత్రం పడమటి దడికి ఆనించు. ఆనుడుంటే పడదు."

నెమరేస్తున్న ముసలి ఎద్దు గంగన్న తలెత్తాడు. "బెల్టు కొలికి వెనకెందుకుంది?"

"ముందుంటే పిల్ల లాగేస్తాడు తాతా."

"నాకు కాడి చేసినప్పుడల్లా ముందు నా మెడ కొలిచారు. నువ్వు పిల్లను కొలవనే లేదే."

"అభివృద్ధికి అడ్డుపడేది ఎప్పుడూ పాతతరమే," అన్నాడు జంబన్న నవ్వుతూ. అని, చెమట తుడుచుకోవడానికి మెడలోని తాడు తీసి పక్కన పెట్టాడు.

కోడి బుల్లెమ్మకు తాడు కనిపిస్తే వానపామే గుర్తొస్తుంది. దాన్ని ముక్కున కరుచుకుని దడి వారనే పరుగెత్తింది. తాడుకు ఒకటే ముడి ఉంది. కంత దగ్గర తాడు కొస దడి మొదట్లో చిక్కుకుంటే, విడిపించుకోవాలని రెండో కొస ముక్కున పట్టి పైకెగిరింది. ముడి సరిగ్గా కంత ఎత్తుకు వచ్చింది; నక్క కొలిచింది ఆ కంతనే. కంత అంచుకు జంబన్న ఒంటిమీది లాంటి ఎర్రటి బొచ్చు అంటుకుని ఉంది.

బుల్లెమ్మ తిరిగొచ్చి పోలమ్మ చెవిలోనూ, గంగన్న చెవిలోనూ రెండు మాటలు చెప్పింది.

పోలమ్మ కంత వైపు చూసింది. ఎత్తు కుర్చీ వైపు చూసింది. కూర్చుంటే బుడ్డోడి వీపు ఎక్కడికొస్తుందో, కొలికి ఎక్కడికొస్తుందో, దడి అవతల ఎవరి నోరు ఉంటుందో ఒక్కసారిగా అర్థమైంది. బక్క పిల్ల. ఆ కంతలో దూరతాడు. తను ఏరికోరి ఎంచుకుంటున్నది కుర్చీ కాదు, వడ్డించే పళ్లెం.

పోలమ్మ నక్క వైపు తిరిగింది. "బావా, ఇదే తీసుకుంటాను. బెల్టు గట్టిదేనా? ఒక్కసారి నువ్వు కూర్చుని చూపించు."

"నీ అనుమానం తీరాలి, అంతేగా," అని జంబన్న ఎక్కి కూర్చున్నాడు. పోలమ్మ పళ్లతో బెల్టు లాగి కొలికి బిగించింది. గంగన్న నుదుటితో కుర్చీని నెట్టి దడికి ఆనించాడు. తర్వాత తాపీగా దొడ్డి చుట్టూ తిరిగి, అవతల నుంచి కంతలో కొమ్ము దూర్చాడు. కొమ్ము మొన నక్క మెడ వెనక చల్లగా తగిలింది.

"కొలత బాగా కుదిరింది, జంబన్నా."

నక్క బెల్టు విప్పుకోబోయాడు గాని, కొలికి వెనక ఉంది.

గంగన్న లోపలికొచ్చి కుర్చీని నక్కతో సహా కొమ్ములకెత్తి దొడ్డి పక్కనున్న వాగులోకి విసిరాడు. జంబన్న వీపున కుర్చీతోనే ఈదుకుంటూ అడవికి పోయాడు. అక్కడ కొలికి విప్పమని ఎవరిని బతిమాలినా, అతనికి అంత దగ్గరగా ఎవరూ రాలేదు.

నక్క దొడ్డివాళ్లకు కొత్త కాదు. నక్క చెప్పేదాకా పిల్ల ఆకలి తమకు కనపడలేదన్నదే వాళ్లను తలదించుకునేలా చేసింది. గంగన్న కొమ్ములతో నేల తవ్వి తొట్టిని మూరెడు కిందికి దించాడు. ఒక్క పూట పని. నెలన్నరగా ఎవరూ చేయని పని.

బుడ్డోడు నాలుగు కాళ్ల మీద నిలబడి, మూతి ముంచి, కడుపునిండా తాగాడు.

నీతి: నిన్ను పైకెత్తుతానని వచ్చినవాడు ఎవరి నోటి ఎత్తును కొలిచి వచ్చాడో ముందు చూడు.